అల్లుడి ముందు నోరు తెరవడం

మార్చి 4

కుడివైపు కింది వరసలో చివరి పన్ను విరిగింది. మొత్తం కాదు, ఒక చెక్క. బిస్కెట్ కొరికితే విరిగింది, అదీ టీలో ముంచిన బిస్కెట్. తప్పు బిస్కెట్‌దే. ఈమధ్య వాటిని దేంతో చేస్తున్నారో తెలియడం లేదు.

నొప్పి లేదు. మావారికి చెప్పలేదు. ఆయనకి చెబితే అమ్మాయికి చెబుతారు, అమ్మాయికి చెబితే అల్లుడికి చెప్పినట్టే. అల్లుడికి తెలిస్తే నోరు తెరవమంటాడు. అల్లుడి ముందు తల వెనక్కి వాల్చి, నోరు బార్లా తెరిచి, చొంగ కార్చుకుంటూ పడుకున్న అత్తగారు మా ఇంటా వంటా లేరు. ఆ కీర్తి నాకూ అక్కర్లేదు.

మార్చి 9

అమ్మాయి, పళ్ళాయన భోజనానికి వచ్చారు. మావారు వింటే కోప్పడతారు గానీ, ఈ డైరీలో అల్లుడు పళ్ళాయనే.

మనిషికి వంక పెట్టడానికేం లేదు. నెమ్మదస్తుడు. పొడుగ్గా ఉంటాడు, ఎప్పుడు చూసినా అప్పుడే చేతులు కడుక్కుని వచ్చినట్టుంటాడు. నాకు పడనిది ఆ వృత్తి. పెళ్ళి కుదిరినప్పుడు చుట్టాలందరికీ అల్లుడు డాక్టరనే చెప్పాను. దేనికి డాక్టరో వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. పెళ్ళిలో మా అన్నయ్య ప్యాంటు మడిచి మోకాలు చూపించాడు. పళ్ళాయన దాన్ని శ్రద్ధగా చూసి, నమలడానికి ఇబ్బంది లేకపోతే పర్వాలేదన్నాడు. నేను తప్ప అందరూ నవ్వారు.

ఇవాళ అన్నం తింటూ తింటూ ఆగి, "అత్తయ్యగారూ, మీరు ఎడమవైపే నములుతున్నారు" అన్నాడు.

మావారు తినడం ఆపి నా బుగ్గల వంక చూశారు. అమ్మాయీ చూసింది. నేను కొందరికి అలా అలవాటుంటుందన్నాను. ఒకసారి చూస్తానన్నాడు. భోజనాల బల్ల దగ్గర దుకాణం తెరవద్దన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. ఆయన బదులు అమ్మాయి మాట్లాడింది, చాలానే మాట్లాడింది. చెయ్యి కడుక్కుని ఇద్దరూ వెళ్ళిపోయారు. పెట్టిన పండ్లు పెట్టినట్టే ఉన్నాయి.

ఎడమవైపు నమిలితే నేరమా?

మార్చి 21

నొప్పి. చెవిలోకి, కణతలోకి, అక్కణ్ణుంచి ఎటో.

మా వీధి చివర మందుల షాపతను చాలా తెలివైనవాడు. నోరు తెరవమనడు. పన్ను అని చెప్పగానే ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి బిళ్ళ ఇచ్చాడు. బిళ్ళలన్నీ అయిపోయేదాకా వాడమన్నాడు.

మార్చి 24

నొప్పి మాయం. బిళ్ళలు సగం మిగిలాయి. పారేయడం దేనికని కళ్ళజోడు పెట్టెలో దాచాను. ఒంట్లో బాగుంటే మందు మింగడమంటే కడుపు నిండాక వడ్డించుకోవడం లాంటిది.

ఏప్రిల్ 6

మళ్ళీ వచ్చింది. దాచినవి వేసుకున్నాను. తగ్గింది. నా ముందుచూపుకు నేనే సంతోషించాను.

ఏప్రిల్ 19

ఈసారి బిళ్ళలకు లొంగలేదు. సెలవు పెట్టి, ఊరికి ఆ చివరనున్న పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మనవాళ్ళెవరూ అటు రారు.

పేరు రాసుకుంటూ ఆమె తలెత్తి, నా గొంతు ఎక్కడో విన్నానంది. బస్‌స్టాండులో ప్రకటనలు చదివేది నేనే. ఈ ఊళ్ళో నా ముఖం ఎవరికీ తెలియదు, గొంతు తెలియనివాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ అది గొప్పగానే ఉండేది. ఇవాళ మాత్రం గొంతు తగ్గించి, అలాంటి గొంతున్న అక్క నాకుందని చెప్పాను.

పన్ను దాచుకునే స్థితిలో లేదట, పీకేసింది. యాంటీబయాటిక్ పూర్తిగా వాడమంది, వారంలో మళ్ళీ రమ్మంది, షుగరు పరీక్ష చేయించుకోమంది. పన్ను పోయింది కనక నొప్పీ పోయినట్టే. అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతుంటే కూడా ఏమీ తెలియలేదు. దూది బుగ్గలోకి నెట్టి మాట్లాడాను.

ఏప్రిల్ 27

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు. ఆ దారిలో వెళ్ళే బస్సు ఎప్పుడూ ఆలస్యం. ఆ సంగతి రోజూ ప్రకటించేదాన్ని, నాకు తెలియదా? వెళ్ళలేదు.

మే 2

పన్ను తీసిన చోట గుంట పూడలేదు. నోట్లో ఏదో పాడు రుచి, తుప్పు నీళ్ళు తాగినట్టు. కుడి దవడ కాస్త ఉబ్బింది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకున్నందువల్ల. దిండు మార్చాను.

మే 5

స్కార్ఫు కట్టుకుని డ్యూటీకి వెళ్ళాను. సూపర్‌వైజరు జలుబా అన్నాడు. అవునన్నాను. ఈ ఎండల్లోనా అన్నాడు. నా జలుబు నా ఇష్టం.

దిండు మళ్ళీ మార్చాను.

మే 8

టీ తాగుతుంటే కారిపోయి, చదవాల్సిన కాగితం మీద పడింది. కారుతున్నట్టు నాకు తెలియనే లేదు. కప్పు అంచు సరిగ్గా లేదు. సాయంత్రం కొత్త కప్పులు కొన్నాను.

మే 10

కొత్త కప్పులూ కారుతున్నాయి.

మే 11

మైకు పాడైంది. ప, బ, మ సరిగ్గా పట్టడం లేదు. మిగతా అక్షరాలన్నీ శుభ్రంగా వినిపిస్తున్నాయి, ఆ వరస మాత్రం వెళ్ళడం లేదు. బస్సు అంటే వస్సు అని వినిపిస్తోందని సూపర్‌వైజరే అన్నాడు. మెకానిక్కుని పిలిపించమని గట్టిగా చెప్పాను.

మే 12

మెకానిక్కు వచ్చి వైరు మార్చాడు. తన నోటితో బస్సు, ప్లాట్‌ఫారం, ముప్పై అని చెప్పి చూశాడు. గంట కొట్టినట్టు వినిపించింది. తర్వాత నన్ను చెప్పమన్నాడు. చెప్పాను. అతను బుర్ర గోక్కుని, స్విచ్చు కూడా విప్పి బిగించి వెళ్ళాడు.

మగ గొంతుకు బాగానే పలుకుతోంది. పాడైంది ఆడగొంతుకే. అలాంటి మైకులు కూడా ఉంటాయేమో.

మే 15

రాయడానికి మనసొప్పడం లేదు. అయినా రాస్తాను.

యాభై నంబరు బస్సు రేవుకి వెళ్తుంది, ఎనభై నంబరు కొండ మీదికి. పొద్దున రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. నేను యాభై అని చదివాను. చదివానని ఇప్పటికీ ప్రమాణం చేస్తాను. చేపలు కొనడానికి బయల్దేరిన బేరగాళ్ళంతా ఖాళీ బుట్టలతో కొండెక్కారు. అక్కడ ఈ ఎండల్లోనూ చలి. ఒక పెద్దాయన అక్కణ్ణుంచి ఫోన్ చేసి, సముద్రం ఎటువైపని అడిగాడట.

సూపర్‌వైజరు గదిలోకి వచ్చి కూర్చున్నాడు. తిట్టలేదు. నాలుగు రోజులు విశ్రాంతి తీసుకోమన్నాడు. మైకు బాగుచేయించమన్నాను. ఆయన నా స్కార్ఫు వంక చూసి, లేచి వెళ్ళిపోయాడు.

మూతి అద్దంలో చూసుకున్నాను. కింది పెదవి ఉన్నచోటే ఉంది. గిల్లితే ఎవరి పెదవినో గిల్లినట్టుంది.

నరాల బలహీనత. ఆకుకూరలు తినాలి.

మే 17

విశ్రాంతి అక్కర్లేదని డ్యూటీకి వెళ్ళాను. ప్రకటనలు చదివే గాజు గదిలో కాగితాలు సర్దుకుంటున్నాను. విచారణ కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డారు. పొడుగ్గా, చేతులు కడుక్కుని వచ్చినట్టు. పళ్ళాయన. మార్చి తర్వాత చూడటం ఇదే.

అమ్మాయికి ఏమైందని అడిగాను. అదేం కాదన్నాడు. కిటికీ కన్నంలోకి వంగి, నెమ్మదిగా అడిగాడు.

"అత్తయ్యగారూ, మీ కింది పెదవి మొద్దుబారిందా?"

ఒంటికి కారం రాసినట్టయింది. నా పెదవికేమైంది, దివ్యంగా ఉంది, అన్నాను. అన్నాననుకున్నాను. పెదవి అన్న మాట 'వెదవి' అని బయటికి వచ్చింది. అది విన్నది నేనొక్కదాన్నే కాదు. మొన్న మెకానిక్కు విప్పి బిగించిన స్విచ్చు ఆపినా ఆగడం లేదట. ఆ సంగతి ఇవాళే తెలిసింది. అన్ని ప్లాట్‌ఫారాల మీదా, మరుగుదొడ్ల దగ్గరా, టీ కొట్టు పైన వేలాడే డబ్బాలోనూ, 'నా వెదవికేమైంది, దివ్యంగా ఉంది' అని మోగింది. ఊరి చెవికి అది 'వెధవ' అయింది. బస్‌స్టాండంతా అటు తిరిగి మా అల్లుణ్ణి చూసింది.

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. నేను మైకు మీద స్కార్ఫు కప్పాను. ఇంకా బాగా వినిపించింది.

వారం నుంచి క్లినిక్కుకి వెళ్తూ వెళ్తూ బస్‌స్టాండు మీదుగా వెళ్తున్నాడట. మొదటిరోజు అనుకోకుండా విన్నాడు. ప, బ, మ పోయాయి, త, ద, న బాగున్నాయి. అంటే నాలుక బాగుంది, పెదవి బాగాలేదు. ఆ పెదవికి స్పర్శనిచ్చే నరం కింది దవడ ఎముక లోపల్నుంచి వస్తుంది. పన్ను బాధయితే పన్నుతో పోయేది, పెదవి మొద్దుబారిందంటే ఎముకలోకి చీము దిగి ఉండొచ్చు. ఇదంతా ఆయన కన్నంలోంచి చెబుతున్నాడు. ఊరంతా వింటోంది.

నోరు మెదపాలంటే భయం వేసింది, పైన డబ్బాలో ఏమని వస్తుందోనని.

అప్పుడన్నాడు. "మీరు నాకు చూపించక్కర్లేదు. ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తాను, బయటే కూర్చుంటాను. కానీ ఇవాళే వెళ్ళాలి."

నేను లేవలేదు. టీ కొట్టామె ప్లాట్‌ఫారం అవతలి నుంచి కేకేసింది, వెళ్ళి చూపించుకోమని. వెనక ఎవరో ముసలమ్మ అందుకుంది. ఆఖరికి ఎనభై నంబరు బస్సు డ్రైవరు ఇంజను ఆపి దిగాడు, నేను వెళ్తే గానీ బండి తీయనని.

లేచాను.

మే 17, సాయంత్రం

పెద్దాసుపత్రి. ఎక్స్‌రే తీశారు, తర్వాత స్కాన్ తీశారు. దవడల సర్జనమ్మ ఆ ఫిల్మును లైటుకి పెట్టి చూపించింది. ఎడమ దవడ దిట్టమైన దూలంలా ఉంది. కుడిది చెద పట్టిన తలుపు చెక్క. మధ్యలో తెల్లగా ఒక పెచ్చు, దేనికీ అంటుకోకుండా. అది చచ్చిన ఎముకట.

షుగరు కూడా ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో దానికే తెలియాలి.

పళ్ళాయన అన్న మాట ప్రకారం గది బయటే కూర్చున్నాడు. సర్జనమ్మ అడిగిన వాటికి నేను చెప్పే జవాబులు ఆవిడకు అర్థం కాలేదు. తలుపు తీసి ఆయన్ని లోపలికి పిలిచింది. నేను పిలవలేదు.

మే 18

మంచం మీద ఉన్నాను, చేతికి సెలైను. అందులోంచి యాంటీబయాటిక్ ఎక్కుతోంది. చీము తీసి పరీక్షకు పంపారు, ఏ క్రిమో తేలితే దానికి తగ్గ మందు పెడతారట.

సర్జనమ్మ ఇప్పటిదాకా ఏం వాడానని అడిగింది. కళ్ళజోడు పెట్టె సంగతి చెప్పక తప్పలేదు. సగం సగం మందు వేస్తే బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగిలి పిల్లల్ని పెడతాయంది. ఎముక చచ్చిన చోటికి రక్తం పోదు, రక్తం పోనిచోటికి మందూ పోదు. అందుకని ఆ ముక్క కోసి తీయాలి. తర్వాత వారాల తరబడి మందు. అంటే నేను రెండు నెలలుగా దవడలో మొండివాళ్ళను ఏరి ఏరి పెంచానన్నమాట.

అమ్మాయి వచ్చింది. ఈత నేర్పే టీచరు, ఈల గొంతు. వార్డంతా నిద్ర లేచింది. నాకు చెప్పలేదేమని ఏడ్చింది, ఆయనతో అలా అంటావా అని తిట్టింది, దుప్పటి సర్ది మళ్ళీ ఏడ్చింది. ఎవర్ని వెధవన్నానని అడిగింది. అక్షరాల సంగతి వివరించబోయాను. అక్షరాలే రాలేదు.

మే 20

రేపు ఆపరేషను. సంతకాల ముందు సర్జనమ్మ అంతా చెప్పింది. చెడింది ఎంతవరకుందో తెరిచి చూస్తే గానీ తెలియదు. దవడ బాగా పలచబడి ఉంటే విరగకుండా లోహపు పలక బిగించాలి. పెదవికి స్పర్శ వస్తుందా అని అడిగాను. రావచ్చు, రాకపోవచ్చు, మాటివ్వలేనంది.

మావారు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసే పని చేసి రిటైరయ్యారు, ఏదీ పొల్లు పోనివ్వరు. ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుందని అడిగారు. చెప్పాను. అర్థం కాలేదు. చూపుడువేలితో గాల్లో అలమారా గీశాను. నీ గొంతు రాకపోతే ఆ ఇంట్లో నాకేదీ దొరకదన్నారు. నవ్వుతూనే అన్నారు. తర్వాత జేబులోంచి కాగితం తీసి, నేను గాల్లో గీసిన అలమారాను అందులో బొమ్మ వేసుకున్నారు.

భయంగా ఉంది. ఆ మాట పైకి అనబోతే 'భ' కూడా రాలేదు.

మే 22

అయింది. మాట్లాడకూడదు.

మే 23

తీసిన ఎముకను చిన్న సీసాలో చూపించారు. పుచ్చకాయ గింజంత. దీనికోసమా ఇంత రాద్ధాంతం అనిపించింది. మావారు సీసా పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఇంటికి తీసుకెళ్ళొచ్చా అని అడిగారు. పరీక్షకు పంపాలన్నారు. ఆయనకు కాస్త నిరాశ.

పలక బిగించాల్సిన పని రాలేదు. కింది దవడ ఇంకా పలచగానే ఉంది, గట్టివి కొరికితే విరుగుతుంది. అన్నీ మెత్తగా, జారుగా తినాలట.

ఆపరేషను జరిగినంతసేపూ పళ్ళాయన థియేటరు బయటే ఉన్నాడట. లోపలికి రమ్మని సర్జనమ్మ పిలిచినా వెళ్ళలేదట, అత్తయ్యగారు ఒప్పుకున్నట్టు లేదని. అమ్మాయి చెప్పింది. చెప్పి నా ముఖం చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను, మత్తు ఇంకా దిగనట్టు.

జూన్ 7

ఇల్లు. సెలైను అయిపోయింది, ఇక మాత్రలు. పరీక్షలో తేలిన క్రిమికి సరిపోయేవి, గుర్రానికి వేసేంతవి. మావారు ప్రతిదాన్నీ మిక్సీలో వేస్తున్నారు. నిన్న సూపులో ఉల్లిపాయ పొట్టు కూడా వేశారు. ఏమీ అనలేదు. అనలేను కూడా.

సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. నా బదులు ఒక కుర్రదాన్ని పెట్టారట. ఎలా చదువుతోందని మావారు అడిగారు. బాగానే చదువుతోంది గానీ ప్రయాణికులు భయపడటం లేదన్నాడట. సంతోషం వేసింది.

జూన్ 14

నొప్పి లేదు, వాపు లేదు, పాడు రుచి లేదు. ఆకలి వేస్తోంది. ఈ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోంది. ఇక చాలేమో. మిగిలినవి ఎందుకైనా పనికొస్తాయి.

కళ్ళజోడు పెట్టె బల్ల మీదే ఉంది. ఊరికే రాస్తున్నాను.

జూన్ 15

క్లినిక్కు మూసి పళ్ళాయన రోజూ సాయంత్రం వస్తున్నాడు. దవడ చూస్తాడు, అదీ బయటినుంచే, చెంప మీద. తర్వాత మావారితో కూర్చుంటాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు. చాలా స్నేహంగా మాట్లాడుకోకుండా కూర్చుంటారు.

ఇవాళ వస్తూనే, మాత్ర వేసుకున్నారా అని అడిగాడు. వేసుకున్నానన్నాను. ఆయన బల్ల మీది కళ్ళజోడు పెట్టె వంక చూశాడు. నా కళ్ళజోడు నా ముక్కు మీద ఉంది.

దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నొప్పి ఉన్నప్పుడు ఎవరైనా వేసుకుంటారండీ. ఈ మందంతా నొప్పి పోయిన తర్వాతి పనికే. ఎముక మెల్లగా మానుతుంది, దానికి మన తొందర పట్టదు."

పెట్టెలోంచి మాత్ర తీసి ఇచ్చాడు, నీళ్ళిచ్చాడు. మింగాను. నమ్మలేదు కాబోలు, అలాగే చూస్తున్నాడు. ఒళ్ళు మండింది. ఇదిగో, చూసుకో అన్నట్టు నోరు తెరిచి, నాలుక పైకెత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూపించాను.

ఆయన వంగి చూశాడు. కుడివైపు, ఎడమవైపు, పైన, కింద. జేబులోంచి చిన్న టార్చి తీసి మళ్ళీ చూశాడు. కుట్లు బాగా మానాయన్నాడు. అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఏం చేశానో.

గబుక్కున మూశాను. మావారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు కదులుతోంది.

జూన్ 22

నోరు బిగుసుకుపోకుండా కసరత్తు. ఐస్‌క్రీము పుల్లల్లాంటి చెక్కలు దొంతరగా పేర్చి పళ్ళ మధ్య పెట్టుకోవాలి, కొన్నాళ్ళకొకటి పెంచాలి. అలా పెట్టుకుని కూర్చుంటే అమ్మాయి ఊళ్ళోని కబుర్లన్నీ చెప్పింది. దేనికీ ఎదురు చెప్పలేకపోయాను. చాలా సంతోషంగా వెళ్ళింది.

జూలై 3

కింది పెదవి మీద చీమలు పాకుతున్నట్టుంది. అద్దంలో చూస్తే చీమల్లేవు.

జూలై 5

చీమలే చీమలు. అల్లుడికి ఫోన్ చేశాను. నేనే చేశాను. నరం మేలుకుంటోందన్నాడు. మంచిదన్నాడు. రెండుసార్లన్నాడు.

జూలై 16

పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మావారు పొయ్యి దగ్గర పేపరు చదువుతున్నారు. గిన్నెలో పాలు అంచు దాకా వచ్చాయి.

"పాలు పొంగుతున్నాయి" అన్నాను.

ఆయన తలెత్తారు. పొయ్యి వైపు కాదు, నా వైపు. మళ్ళీ అనమన్నారు. పాలు పొంగుతున్నాయి, పాలు పొంగుతున్నాయి అన్నాను. రెండు ప-లూ పలికాయి. కాస్త గాలి పోయింది గానీ పలికాయి. ఆయన పేపరు పట్టుకుని అలాగే నిలబడ్డారు. పాలన్నీ పొయ్యి మీదికి పోయాయి, ఇల్లంతా మాడువాసన. ఇద్దరం కలిసి గుడ్డలు పట్టుకుని తుడిచాం. ఎంతకీ తుడవడం అవలేదు, మధ్యలో ఆయన మళ్ళీ మళ్ళీ అనిపించారు కనక.

జూలై 25

మాత్రలు పూర్తయ్యాయి. ఆఖరిది కూడా. కొత్త ఎక్స్‌రేలో సర్జనమ్మ వేలితో చూపించింది, చెదపట్టిన చోట పలచగా మబ్బులాంటిది. కొత్త ఎముకట. షుగరు అదుపులో పెట్టుకోమంది, మరికొన్నాళ్ళు గట్టివి కొరకొద్దంది, ఏడాదిపాటు పిలిచినప్పుడల్లా రావాలంది. మిగతా పళ్ళు కూడా ఎవరికైనా చూపించుకోమంది.

'ఎవరికైనా' అంటున్నప్పుడు అల్లుడు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

ఆగస్టు 8

డ్యూటీలో చేరాను. కుర్రదాన్ని మధ్యాహ్నం పూట ఉంచారు. యాభై, ఎనభై, తొంభై, అన్నీ చదివాను. పలకడానికి ముందు ఒక్క క్షణం ఆగి, పెదవిని కూడదీసుకోవాల్సి వస్తోంది. ప్రయాణికులు అది గాంభీర్యం అనుకుంటున్నారని సూపర్‌వైజరు చెప్పాడు.

ఆగస్టు 12

అల్లుడి క్లినిక్కు. ఇన్నేళ్ళలో లోపలికి వెళ్ళడం ఇదే మొదలు. చిన్న గదులు, శుభ్రంగా ఉన్నాయి. వెయిటింగు గదిలో పిల్లల కోసం చేపల తొట్టి. పెద్దవాళ్ళు కూడా దాని దగ్గరే నిలబడుతున్నారు. అంత దడ.

కుర్చీ ఎక్కాను. తల వెనక్కి వాలింది. లైటు వేశాడు. ఎడమవైపు రెండు పళ్ళు పుచ్చాయట, ఇప్పుడే చూడటం మంచిదైందన్నాడు. దూది కుక్కాడు, ఒక గొట్టం పెట్టాడు, ఒక అద్దం పెట్టాడు. నేనిక ఒక్క ముక్క అనలేనని ఖాయమయ్యాక, చేతిలో పని ఆపకుండానే మొదలుపెట్టాడు.

"అత్తయ్యగారూ, మీకో సంగతి చెప్పాలి. మీ అమ్మాయికి జ్ఞానదంతం దగ్గర ఏడాదిగా చీము పడుతోంది. నన్ను చూడనివ్వదు."

నేను గొంతులోంచి ఏదో శబ్దం చేశాను.

ఆమె తలుపు వేసుకుని బిళ్ళలు మింగుతుందట. రెండ్రోజులు వేసుకుని ఆపేస్తుంది. అడిగితే వేరే గదిలోకి వెళ్ళిపోతుంది. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దామంటే పళ్ళ డాక్టరు పెళ్ళాం ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే ఊరు నవ్వుతుందంటుంది. ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుందట.

"మీ సంగతి చూశాక నాకు నిద్ర పట్టడం లేదండీ. మీరే ఏదైనా చెయ్యాలి."

  నోటి నిండా దూదితో, కింద పడుకుని ఆయన గడ్డం చూస్తూ, ఈ మనిషి ఇద్దరు మొండివాళ్ళ మధ్య ఏడాదిగా ఎలా నెట్టుకొచ్చాడా అనుకున్నాను. చెయ్యి చాచి ఆయన తెల్లకోటు జేబు పట్టుకుని ఒకసారి గుంజాను. ఆయనకు అర్థమైంది.

ఆగస్టు 13

అమ్మాయి ఫోన్లో అంతా బానే ఉందంది. ఎటువైపు నములుతున్నావని అడిగాను. కోపం వచ్చి పెట్టేసింది.

ఆగస్టు 16

బజారు పని ఉందని అమ్మాయిని తోడు తీసుకెళ్ళాను. బజారు దాటినా నడుస్తూనే ఉన్నాను. క్లినిక్కు వీధి మలుపు దగ్గర దానికి అర్థమై ఆగిపోయింది. ఈతకొలనులో ఆ చివర నుంచి ఈ చివరకు ఊపిరి తీసుకోకుండా వెళ్ళే మనిషి. మందుల షాపు మెట్టు మీద కూలబడింది.

నొప్పి లేదంది. రేపు వద్దామంది. తర్వాత అసలు మాట చెప్పింది.

"ఆయన ముందు అలా నోరు తెరుచుకుని పడుకుంటే, రేపట్నించి ఇంట్లో నా మాట చెల్లుతుందా అమ్మా?"

నవ్వొచ్చింది. కొత్త ఎముక సాగినంతమేర నవ్వాను. చెల్లుతుందని చెప్పాను. ఆయన మాట్లాడేది ఎదుటివాళ్ళ నోట్లో దూది ఉన్నప్పుడేనని, తీశాక మళ్ళీ మన రాజ్యమేనని చెప్పాను. నమ్మలేదు. నా కింది పెదవి పట్టుకుని చూడమన్నాను. ఇప్పటికీ ఈ మూల స్పర్శ రాలేదు, ఇక రాదట. ఎక్కడో చూపించమంది. చూపించాను. వేలితో నొక్కింది. నొక్కినట్టు నాకు తెలియలేదు. దానికి తెలిసింది.

లేచి నాకన్నా ముందు నడిచింది.

లోపల అల్లుడు మా ఇద్దర్నీ చూసి, ఏమీ అనకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు. అమ్మాయి కుర్చీ ఎక్కింది, నన్ను బయటికి వెళ్ళమంది. సరేనని లేచాను. నా మణికట్టు వదల్లేదు. అందుకని పక్కనే నిలబడ్డాను. లైటు వెలిగింది, అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది. దాని గోళ్ళు నా చేతిలోకి దిగుతున్నాయి. అల్లుడు చూసి, నొప్పిగా ఉందా అని అడిగాడు. ఎవర్ని అడిగాడో తెలియదు. లేదు, నువ్వు కానివ్వు బాబూ అన్నాను.